అటైన్‌మెంట్ షీట్‌లో లెవెల్ 3 వచ్చింది, పిల్లలకు మాత్రం రాలేదు: డిగ్రీ బయాలజీలో మీరెలా చూస్తున్నారు?

వేపగింజ:
అందరికీ నమస్తే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను, పదకొండేళ్లయింది. మాకు త్వరలో నాక్ (కాలేజీల నాణ్యత చూసే తనిఖీ) ఉంది. అందులో 2.6 అంశం కింద కోర్సు అవుట్‌కమ్స్, అంటే కోర్సు అయ్యాక పిల్లలకు ఏం రావాలో రాయాలి, వాటిని పిల్లలు ఎంతవరకు అందుకున్నారో అటైన్‌మెంట్ షీట్‌లో చూపించాలి కదా. ఆ పని మీద సెలవులన్నీ ఎక్సెల్ ముందే గడిచిపోయాయి. మా కాలేజీ పెట్టుకున్న లెక్క ఏమిటంటే, సగం మార్కులు దాటినవాళ్లు వందకు డెబ్బై మంది ఉంటే లెవెల్ 3, అంటే అన్నిటికంటే పైది. ప్లాంట్ ఫిజియాలజీకి లెవెల్ 3 వచ్చింది. ప్రిన్సిపాల్ గారు సంతోషించారు, నేనూ సంతోషించాను.

కాలేజీ తెరిచాక అదే బ్యాచ్‌కి ఫైనలియర్‌లో మొదటి క్లాసు. ఎందుకో గేటు దగ్గర రాలిన వేపగింజ ఒకటి తీసుకెళ్లి అడిగాను: "ఇది మొలిచి మన గేటు చెట్టంత అయింది. ఆ చెట్టు కొట్టి, బాగా ఎండబెట్టి తూస్తే వచ్చే బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది? పేరు వద్దు, ఒక్క ముక్క రాసివ్వండి." 34 కాగితాలు వచ్చాయి. 19 మంది మట్టి, ఎరువు అన్నారు. 8 మంది నీళ్లు. ఇద్దరు సూర్యుడు. ఒకటి ఖాళీ. గాలి (అందులోని కార్బన్ డయాక్సైడ్, అసలు జవాబు అదే) అన్నవాళ్లు నలుగురు. వీళ్లలో సగం మంది, ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ చక్రం బొమ్మ కళ్లు మూసుకుని వేస్తారు, ఆ బొమ్మకు నేనే మార్కులు వేశాను.

రెండు రోజులు మనసు మనసులో లేదు. షీటు ఎలాగూ పంపించాలి, పంపిస్తాను. అది కాకుండా, పిల్లలకు నిజంగా ఏం వచ్చిందో తెలుసుకోడానికి మీ మీ కాలేజీల్లో ఏం చేస్తున్నారు? థియరీ వద్దు, చేసి చూసినవి చెప్పండి.

స్పాట్ తాతయ్య:
అమ్మా, రిటైరై ఆరేళ్లయింది, అయినా చెయ్యి ఊరుకోదు. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు కట్టలు కట్టలు దిద్దినవాణ్ణి. కాల్విన్ చక్రం ప్రశ్న ఏడాది విడిచి ఏడాది పడుతుందని నీకూ తెలుసు, పిల్లలకూ తెలుసు, గైడు అమ్మేవాడికి అందరికంటే ముందు తెలుసు. పేపరు తీస్తే 40 మంది రాతలో ఒకే వాక్యం, ఒకే తప్పుతో సహా ఉండేది. ఒకసారి ఒక గైడులో అచ్చుతప్పు పడి "రైబులోజ్" కాస్తా "రైబోలేజ్" అయింది. ఆ సంవత్సరం జిల్లా అంతా రైబోలేజే. స్కీమ్ ప్రకారం బొమ్మకు ఇన్ని, మెట్లకు ఇన్ని అని వేసుకుంటూ పోయాం. అలా వేసిన మార్కులే కదా ఇప్పుడు నీ ఎక్సెల్‌లోకి వచ్చి కూర్చున్నాయి.

నేను చివరి మూడేళ్లు ఇంటర్నల్‌లో ఒక పని చేశాను. చక్రం అడగడం మానేసి, దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త కాల్విన్ చేసిన పనిని అడిగాను. క్లోరెల్లా నాచు, రేడియోధార్మిక కార్బన్ 14, వెలుతురు పెట్టి కొన్ని సెకన్లకే వేడి ఆల్కహాల్‌లో వేసి చంపేయడం, తర్వాత పదార్థాలను విడదీసే క్రొమటోగ్రఫీ కాగితం మీద మచ్చలు. ఇంతవరకు ప్రశ్నలోనే ఇచ్చేసి, "కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఆపేస్తే ఏది పేరుకుంటుంది, ఏది తగ్గుతుంది? ఎందుకు?" అన్నాను. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఆర్‌యూబీపీ పేరుకుంటుంది, పట్టుకున్నాక తయారయ్యే పీజీఏ తగ్గుతుంది. చక్రం అర్థమైనవాడికి ఇది రెండు నిమిషాల పని. బట్టీ కొట్టినవాడు రెండు పేజీలు రాస్తాడు, ఆ రెండు పేజీల్లో జవాబు ఉండదు. మొదటి ఏడాది క్లాసు క్లాసంతా పడిపోయింది, తల్లిదండ్రులు కూడా వచ్చారు. రెండో ఏడాది నుంచి పిల్లలు చక్రం చదివే తీరే మారింది. "సార్ తలకిందులుగా అడుగుతాడు" అని పేరొచ్చింది. ఆ పేరు నాకిష్టం.

మూడో సీసా:
నాది జువాలజీ, మేడమ్. మీకు వేపగింజ అయితే నాకు సీసా.

మా మ్యూజియంలో స్పాటర్లు (పరీక్షలో గుర్తుపట్టమని పెట్టే నమూనాలు) ఎన్నో ఏళ్లుగా అవే. హిప్పోకాంపస్ (సముద్రపు గుర్రం చేప) ఉన్న సీసా మూతకు ఒక పక్క పగులు ఉంటుంది. ఒకసారి ప్రాక్టికల్ పరీక్షకు ముందు ఫార్మలిన్ మారుస్తూ అటెండర్ ఆ సీసాలో స్కోలియోడాన్ అనే షార్క్ పిల్లను పెట్టేశాడు. పరీక్షలో 22 మందిలో 9 మంది దాన్ని హిప్పోకాంపస్ అనే రాశారు! తోక చుట్టుకుని ఉంటుందనీ, మగదానికి సంచి ఉంటుందనీ లక్షణాలు కూడా రాశారు. ఎదురుగా షార్క్ పిల్ల నోరు తెరుచుకుని ఉంది పాపం. వాళ్లు గుర్తుపట్టింది మూత మీది పగులుని.

అప్పటి నుంచి స్పాటర్‌లో రెండు మార్పులు చేశాను. ఒకటి, పేరు నేనే చీటీ మీద రాసి పెడతాను. పేరుకు మార్కు లేదు, "ఇది ఫలానా వర్గానిదని నీకు ఏది చూస్తే తెలుస్తోంది, వేలు పెట్టి చూపించు" అంటాను. రెండు, క్లాసులో ఎప్పుడూ చూపించని జీవి ఒకటి తప్పకుండా ఉంటుంది. చేపల మార్కెట్‌కు వెళ్తే ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది, ఖర్చు యాభై రూపాయలు. జంతువులను కోసి చూసే డిసెక్షన్లు పోయాక మా ప్రాక్టికల్స్ చార్టు చూసి బొమ్మ వేసే పనిగా మిగిలాయి. అందుకే ఈ మార్కెట్ చేప నాకు బాగా పనికొచ్చింది.

మైక్రోస్కోప్ సంగతి వేరే చెప్పాలి. ఉల్లివేరు స్క్వాష్ (వేరును స్లైడ్ మీద నలిపి కణాలు చూడడం) అందరూ రికార్డులో బ్రహ్మాండంగా వేస్తారు. కణవిభజనలో మెటాఫేజ్ దశ ఎంత అందంగా ఉంటుందంటే పుస్తకంలో కూడా అంత బాగుండదు. ఒక్కొక్కరినీ పిలిచి "నాకు ఒక్క కణం విభజనలో ఉన్నది చూపించు" అని పక్కన నిలబడ్డాను. 40ఎక్స్ పెట్టి కోర్స్ నాబ్ తిప్పేస్తారు. టిక్ మని కవర్‌స్లిప్ పోతుంది. నేను ఇప్పుడు నాలుగే చూస్తాను: తక్కువ పవర్‌తో మొదలుపెట్టాడా, వేరు చివర కత్తిరించాడా లేక మధ్య ముక్క తెచ్చాడా, నలిపినప్పుడు కణాలు ఒకే పొరగా పరుచుకున్నాయా, తను చూస్తున్నది ఏ దశో కారణంతో చెప్పాడా. మనిషికి ఐదు నిమిషాలు. 22 మందికి దాదాపు రెండు గంటలు పడుతుంది. 60 మంది ఉన్నవాళ్లకు ఇది కుదరదని ఒప్పుకుంటాను.

ఐక్యూఏసీ బాధితుడు:
అందరూ షీటు మీద పడ్డారు కాబట్టి, కాలేజీలో నాణ్యత పనులు చూసే ఐక్యూఏసీ తరఫున షీట్లు అడిగి అడిగి శత్రువైపోయిన మనిషిగా రెండు మాటలు. వేపగింజ మేడమ్, మీ సీఓ (కోర్సు అవుట్‌కమ్) ఏమని రాసుకున్నారు? "కిరణజన్య సంయోగక్రియను అర్థం చేసుకుంటారు" అనేనా? నాకు వచ్చే వాటిలో ఎక్కువ అంతే. అర్థం చేసుకోవడాన్ని ఎవరు కొలవగలరు? "మొక్క పొడి బరువు ఎక్కడి నుంచి వస్తుందో ఆధారంతో చెప్పగలరు" అని రాసి, ఆ ప్రశ్న ఇంటర్నల్‌లో పెట్టి ఉంటే, అదే షీటు మీకు సున్నా చూపించేది. నేర్చుకోవడాన్ని మెట్లుగా విడదీసిన బ్లూమ్ క్రియాపదాల పట్టిక ముందు పెట్టుకుని "ఎనలైజ్, ఇవాల్యుయేట్" అని సీఓ రాయడం, పేపర్ దగ్గరకొచ్చేసరికి "షార్ట్ నోట్స్ రాయుము" అనడం. తప్పు అక్కడ ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. లెవెల్ రాకపోతే టార్గెట్ తగ్గించమని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. తగ్గించాను కూడా. మూడు రోజుల్లో అప్‌లోడ్ గడువు ఉంటే మీరైనా ఏం చేస్తారు?

చేసి చూసింది అడిగారు కాబట్టి ఒకటి. ఆబ్జెక్టివ్ పరీక్ష పెట్టినప్పుడు మార్కులు వేసి వదిలేయకండి. ఎక్కువ మార్కులొచ్చిన 27 శాతం మందినీ, తక్కువ వచ్చిన 27 శాతం మందినీ పక్కపక్కన పెట్టి, ఒక్కో ప్రశ్నకు ఎవరెంత మంది సరిగ్గా చేశారో చూడండి. పాత పద్ధతే, ఎక్సెల్‌లో పది నిమిషాలు. మా జెనెటిక్స్ పరీక్షలో ఒక ప్రశ్నకు కింది గుంపు బాగా చేసింది, పై గుంపు తప్పింది. పిల్లల్ని తిట్టబోయి కీ చూస్తే, టైపు చేసినవాళ్లు "సి" బదులు "బి" కొట్టారు. ఆ ప్రశ్న అడిగిన లింకేజ్ (జన్యువులు కలిసి సంక్రమించడం) బాగా తెలిసిన పిల్లలందరికీ అన్యాయంగా మార్కు పోయింది. మళ్లీ దిద్దాం.

మాగాయ:
నేను లెక్చరర్‌ని కాదండీ, బీజెడ్‌సీ చదివిన స్టూడెంట్‌ని, ఇప్పుడు ఎమ్మెస్సీ. మాట్లాడొచ్చా? ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లీషు. ఫస్ట్ సెమిస్టర్‌లో ప్లాస్మోలైసిస్ ప్రశ్నకు నాకు 5కి 1 వచ్చింది. అర్థం కాక కాదు. "హైపర్‌టానిక్" తర్వాత వాక్యం ఎలా నడపాలో తెలియలేదు. పక్కమ్మాయికి 4. ఆమె గైడులో ఉన్నది ఉన్నట్టు దించింది, అడిగితే ఏమీ చెప్పలేదు, నా ఫ్రెండే కాబట్టి చెప్తున్నా.

సెకండ్ సెమ్‌లో ఒక మేడమ్ వైవాలో అడిగారు: "మీ ఇంట్లో మాగాయ పెడతారా? ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట వస్తుంది కదా, ఆ నీళ్లు ఎవరు పోశారు?" నేను తెలుగులో గడగడా చెప్పేశాను. బయట ఉప్పు ఎక్కువ, కణం లోపలి నీళ్లు పొర దాటి బయటికొచ్చేశాయి, ముక్క అందుకే వాడింది అని. ఆమె వెంటనే రియో ఆకు పొర స్లైడ్ మీద ఉప్పునీళ్ల చుక్క వేసి, ఊదారంగు భాగం గోడ నుంచి విడిపోయి లోపలికి ముడుచుకోవడం చూపించారు. "ఇదే నీ మామిడి ముక్క" అన్నారు. ఫుల్ మార్కులు. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి అమ్మమ్మకు చెప్పాను, నీ జాడీలో ఆస్మాసిస్ ఉందని. మీరు కొలిచేది బయాలజీనా, ఇంగ్లీషా అని ఒక్కసారి చూసుకోండి సార్.

స్పాట్ తాతయ్య:
ఈ అమ్మాయి మాటకు నా దగ్గర జవాబు లేదు. నేనూ అలాంటి 1లు బోలెడు వేసి ఉంటాను.

ఒహాయో టీఏ:
గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో బయాలజీ పీహెచ్‌డీ చేస్తూ, టీచింగ్ అసిస్టెంట్‌గా ఫస్టియర్ పిల్లలకు ల్యాబ్ చెప్తున్నాను. వేపగింజ మేడమ్, మీ ప్రశ్నకు ఇక్కడి పిల్లలూ మట్టి అనే అంటారు, కాబట్టి మీరు దిగులు పడకండి. ఆ అపోహ పాతది కూడా. వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త విల్లో మొక్కను 200 పౌండ్ల మట్టిలో నాటి ఐదేళ్లు నీళ్లే పోసి చూశాడు. చెట్టు దాదాపు 164 పౌండ్లు పెరిగింది, మట్టి తగ్గింది 2 ఔన్సులే. అంత చేసి ఆయన కూడా "అంతా నీళ్లే" అని తేల్చాడు. మీ 8 మంది ఆయన పక్షం.

ఇక్కడ వాడే పద్ధతి: యూనిట్ మొదలయ్యే ముందు పది ప్రశ్నలు, అయ్యాక అవే పది. ఒక్కో ప్రశ్న రెండు మెట్లు, జవాబు ఒకటి, కారణం ఒకటి. తప్పు ఆప్షన్లు మనం ఊహించి రాయం, పిల్లలు నిజంగా రాసిన తప్పుల నుంచే తీస్తాం. మీ 34 కాగితాల్లో ఆప్షన్లు అప్పుడే సిద్ధంగా ఉన్నాయి. లెక్క కూడా సులువు. ముందు 30 శాతం, తర్వాత 51 శాతం వచ్చిందనుకోండి. పెరగడానికి ఇంకా 70 ఖాళీ ఉంటే 21 పెరిగారు, అంటే 0.3. ముందే బాగా తెలిసిన క్లాసుకూ, ఏమీ తెలియని క్లాసుకూ ఒకే తూకం అవుతుంది.

చిక్కులు కూడా చెప్తాను. మార్కులు లేవంటే పిల్లలు గుడ్డిగా టిక్కు పెట్టి వెళ్లిపోతారు. మార్కులిస్తే ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. మేం రాసినందుకే ఒక మార్కు ఇస్తాం, తప్పొప్పులకు కాదు. కాగితాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటాం. ఇంకోటి, అదే సూత్రాన్ని వేషం మార్చి అడగండి. "ఒకాయన పది కిలోల కొవ్వు తగ్గాడు, ఆ పది కిలోలు ఎటు పోయాయి?" వేప చెట్టు ప్రశ్న సరిగ్గా చేసినవాళ్లు కూడా ఇక్కడ చెమట, వేడి అంటారు. అందులో 8.4 కిలోలు ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, మిగతాది నీరు. చెట్టుకు గాలి నుంచి వచ్చినదే మనిషి నుంచి గాలికి పోతుందని పట్టుకున్నవాడికే ఆ పాఠం వచ్చినట్టు.

మూడో సీసా:
టీఏ బాబూ, ఆ కొవ్వు ప్రశ్న నేను స్టాఫ్ రూమ్‌లో అడిగాను. ఫలితాలు ఇక్కడ రాయను.

వేపగింజ:
అందరికీ థాంక్స్. రెండు నెలలు ఆలస్యంగా వస్తున్నాను, చేసి చూశాకే రాద్దామని ఆగాను.

సీఓ వాక్యాలు మూడు మార్చాను, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌తో పని లేకుండా ఇంటర్నల్ వరకే. రెండు మెట్ల ప్రశ్నలు ఆరు తయారుచేశాను, పదికి ఓపిక లేదు. కారణం తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా రాయొచ్చన్నాను, మాగాయ అమ్మాయి మాట విని. 34లో 20 మంది తెలుగులో రాశారు. ఇంతకుముందు ఖాళీగా వదిలేసే ముగ్గురు ఈసారి పేజీ నింపారు. వేప ప్రశ్నకు గాలి అన్నవాళ్లు 4 నుంచి 21 అయ్యారు. సంతోషపడబోయి కొవ్వు ప్రశ్న చూశాను. 7. తాతయ్య గారు చెప్పినట్టు పిల్లలు నా చెట్టును బట్టీ పట్టేశారు!

మట్టి అన్నవాళ్లలో ఇద్దరు ఇంకా ఒప్పుకోవడం లేదు. "ఎరువు వేయకపోతే చెట్టు ఎదగదు కదా మేడమ్" అంటున్నారు. రైతు బిడ్డలు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. నత్రజని, భాస్వరం ఎందుకు కావాలో, బరువు ఎక్కడి నుంచి వస్తుందో నేనే ఇన్నాళ్లూ విడదీసి చెప్పలేదు. వాళ్లిద్దరికీ ఒక కుండీ అప్పగించాను. ఎండబెట్టిన మట్టి తూచి, పెసలు వేసి, నలభై రోజుల తర్వాత మొక్కలు పీకి మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తారు. వేళ్లకు అంటిన మట్టి దులపడమే పెద్ద పని అని ఇప్పుడే గొణుగుతున్నారు. కెమిస్ట్రీ వాళ్ల త్రాసు 200 గ్రాములు దాటితే ఎర్రర్ చూపిస్తోంది, అందుకని మా వీధి కిరాణా కొట్టు కాటా అడిగి తెచ్చాం. అది ఐదు గ్రాములకు తక్కువ చూపించదు. పది గ్రాముల తేడా వస్తే నమ్మాలా వద్దా అని వాళ్లే నన్ను అడిగారు.

ఐక్యూఏసీ బాధితుడు:
మేడమ్, ఆ ఆఖరి ప్రశ్నను ఏ సీఓ కింద వేశారు? మా షీటులో దానికి కాలమ్ లేదు. ఒకటి పెడతాను, ఆ ఆరు ప్రశ్నల ఫైలు పంపండి.