చర్చ: హ్యామ్ రేడియో సంఘం పుస్తకాలు అమ్మి లాభం తీయవచ్చా?

బరంపురం ఏరియల్
సరదా కోసం లైసెన్సుతో రేడియో సెట్లు నడిపేవాళ్లే హ్యామ్‌లు. అమెరికన్ రేడియో రిలే లీగ్ 1914లో పుట్టిన హ్యామ్‌ల సంఘం. లాభాపేక్ష లేదని చెప్పుకుంటుంది. 2024 జనవరిలో ఏడాది చందా 49 డాలర్ల నుంచి 59కి పెంచింది. అంతకుముందు చందాతోనే ఇంటికి వచ్చే అచ్చు పత్రిక క్యూఎస్టీకి అప్పటి నుంచి మరో 25 డాలర్లు అడిగింది. హ్యాండ్‌బుక్, యాంటెన్నా పుస్తకం, పరీక్ష గైడ్లు సరేసరి, అన్నీ వేరే అమ్మకం. ఇది సంఘమా, పుస్తకాల కొట్టా?

పర్లాకిమిడి మాస్టారు
తమ్ముడూ, ‘లాభం’ అనే మాట దగ్గరే తప్పటడుగు వేశావు. లాభాపేక్ష లేకపోవడమంటే డబ్బు మిగలకూడదని కాదు, మిగిలింది పంచుకునే యజమాని ఉండడని. క్యూఎస్టీ మొదటి సంచిక 1915 డిసెంబరులో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక లీగ్ ఆ పత్రికను వ్యవస్థాపకుల్లో ఒకరైన టస్కా దగ్గర కొనుక్కుంది. 1926లో హ్యాండ్‌బుక్ వచ్చింది. అంటే అచ్చు పని నిన్న మొన్న తెరిచిన దుకాణం కాదు, సంఘాన్ని ఇన్నేళ్లు నిలబెట్టిందే అది. మన ఫ్రీక్వెన్సీల మీద వ్యాపార సంస్థల కన్ను పడినప్పుడు వాదించడానికి లాయర్లు కావాలి, కొలతలకు ప్రయోగశాల కావాలి. చందా ఒక్కటే వీటన్నిటినీ మోయగలదా? అనుమానముంటే అమెరికా పన్ను శాఖకు వాళ్లిచ్చే వార్షిక పత్రం చూసుకో. ఎవరైనా చూడవచ్చు.

ఛత్రపురం 73
నేను ఒకసారి హ్యాండ్‌బుక్ తెప్పించాను. తపాలా ఖర్చు చూసి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

బరంపురం ఏరియల్
మిగులు అనండి, లాభం అనండి, గల్లాపెట్టెలో పడేది అదే డబ్బు. అక్కడి లైసెన్సు పరీక్ష ప్రశ్నలన్నీ జవాబులతో సహా ముందే బయట ఉంటాయి. పరీక్షలు నడిపే సంస్థల కమిటీ నాలుగేళ్లకోసారి వాటిని మారుస్తుంది. ఆ సంస్థల్లో లీగ్ ఒకటి. ప్రశ్నలు మారగానే పాత గైడు చిత్తు కాగితం, కొత్తది కొనాలి. అమ్మేది మళ్లీ లీగే. పరీక్ష పెట్టే మాస్టారే ఇంట్లో ట్యూషన్ చెబితే ఊరు ఏమనుకుంటుంది?

గుణుపురం గాలి
పాత క్యూఎస్టీ సంచికలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? 1980ల నాటివి అయితే మంచిది.

జయపురం నవ్వు
2024 మేలో తమ కంప్యూటర్లను బంధించిన దొంగలకు ఈ లీగే పది లక్షల డాలర్లు ముట్టజెప్పింది కదా. చందా పెంచింది అందుకేనేమో.

పర్లాకిమిడి మాస్టారు
చందా పెరిగింది జనవరిలో, దొంగలు పడింది మేలో. దొంగలు వస్తారని ముందే తెలిసి చందా పెంచారా? పైగా ఆ నష్టంలో చాలా భాగం బీమా భరించింది.

ఇక ఏరియల్ గారూ, ట్యూషన్ మాట ఎవరినుద్దేశించి అన్నారో చెప్పండి. ఈ ఊళ్లో హ్యామ్ పరీక్షకు పిల్లలను తయారు చేసేది నేనొక్కణ్నే. పైసా తీసుకోలేదు. చుక్కా గీతలతో సందేశం పంపే మోర్స్ కీ కూడా నా డబ్బుతో కొన్నాను. మీకు చూపించిన చుక్కా గీతా కూడా ఆ కీ మీదే.

బరంపురం ఏరియల్
నన్ను ‘మీరు’ అన్నారంటే మాస్టారికి కోపం వచ్చినట్టే. మిమ్మల్ని అనలేదు. లీగ్‌నే అన్నాను.

ఛత్రపురం 73
లీగ్ ఉన్న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు న్యూయింగ్టన్ ఊరికీ పర్లాకిమిడికీ మధ్య ఎన్ని వేల మైళ్లు? ఇంత వేడి ఎక్కడిది?

పర్లాకిమిడి మాస్టారు
ఎక్కడిదో నేను చెబుతాను. నా పాఠాల నోట్సును తెలుగులో పుస్తకంగా వేసి 250 రూపాయలకు అమ్మాలని పోయిన నెల మన క్లబ్ అనుకుంది. వచ్చిన డబ్బుతో, మన సంకేతాలను అందుకుని దూరానికి పంపే రిపీటర్‌కు బ్యాటరీలు. ఈయన ఒక్కడే ఉచితంగా పంచాలన్నాడు. ఇప్పుడు అమెరికా పేరు పెట్టి అదే మాట ఇక్కడ తిప్పుతున్నాడు. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటిన రాత్రి ఫోన్లు చచ్చాయి, మన రేడియో సెట్లు పలికాయి. అవి ఉచితంగా పలికాయా? బ్యాటరీ ఎవరు కొన్నారు?

బరంపురం ఏరియల్
అవును, దాని గురించే. మన పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు. 12 ఏళ్లు నిండితే పరీక్షకు కూర్చోవచ్చు. ఆ వయసు పిల్లవాడు 250 రూపాయలు ఎక్కడ తెస్తాడు? ఆ నోట్సును మూడు నెలలు రాత్రుళ్లు కూర్చుని టైపు చేసింది నేను. ఆ మాట సమావేశంలో ఎవరికీ గుర్తు రాలేదు.

పర్లాకిమిడి మాస్టారు
అట్ట మీద పేరు లేదనా?

బరంపురం ఏరియల్
పేరు కోసం కాదు.

సరే, పేరు కోసం కూడా. కానీ అసలు సంగతి వేరు. 2017లో మోర్స్ కరపత్రం 40 రూపాయలకు అమ్మాం. ఎన్ని పోయాయి, ఎంత వచ్చింది, ఎక్కడికి వెళ్లింది? మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ టీ ఇచ్చారు. లీగ్ లెక్కలు ఎవరైనా చూడవచ్చని మీరే రాశారు. కనెక్టికట్‌లో ఉన్న సంఘం లెక్క బరంపురంలో కూర్చుని చూడగలను, మన క్లబ్ లెక్క మాత్రం చూడలేను. అది చూపిస్తే 250 ఏమిటి, 300 పెట్టండి. నేనే బస్టాండులో నిలబడి అమ్ముతాను. పేదపిల్లలకు నా చేతి డబ్బు వేసి ఇస్తాను.

జయపురం నవ్వు
ఇందులో లీగ్ ఎక్కడుంది ఇప్పుడు?

పర్లాకిమిడి మాస్టారు
లెక్క రాసింది నేనే. ఆ నోటు పుస్తకం 2018 తిత్లీ తుపానులో తడిసింది. మా పెంకుటింట్లోకి ఆ రాత్రి నీళ్లు ఎలా వచ్చాయో నీకు తెలుసు, మర్నాడు వచ్చి బురద ఎత్తిపోశావు. పేజీలు అట్టల్లా అంటుకుపోయాయి. చూపిస్తే ‘ఇదా లెక్క’ అని నవ్వుతారని బీరువాలో పెట్టాను. దాచాలని కాదు.

బరంపురం ఏరియల్
మాస్టారూ, ఆ పేజీలు విడదీయకండి, చిరుగుతాయి. ఆదివారం ఉదయం బస్సుకు వస్తాను. ఇద్దరం కూర్చుని ఒక్కొక్క పేజీ ఫోటో తీద్దాం. ఏదైనా అంకె కనబడకపోతే కనబడలేదనే రాద్దాం. ధర సంగతి తరవాత.

పర్లాకిమిడి మాస్టారు
భోజనం ఇక్కడే. ధర మాత్రం 250కి ఒక్క రూపాయి తగ్గదు.

గుణుపురం గాలి
పాత క్యూఎస్టీల సంగతి ఎవరూ చెప్పలేదు.