దవడ కింద రాయి: కాల్షియం మాత్రలు మానేయాలా?

మధ్యాహ్నం నిద్ర:
నెల రోజులుగా భోజనానికి కూర్చుంటే చాలు, కుడి దవడ కింద నిమ్మకాయంత ఉబ్బుతోంది. అరగంటలో తగ్గిపోతుంది. స్కాన్‌లో 6 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. రక్తంలో కాల్షియం మాత్రం మామూలుగానే ఉంది. మరి ఉమ్ములో రాయేంటండీ? రోజూ వేసుకునే కాల్షియం మాత్రల వల్లేనా?

పాత రోగి:
నాకూ వచ్చింది. నీళ్లు బాగా తాగండి, టెన్షన్ పడకండి. నాది చిన్నది, దానంతటదే బయటికొచ్చేసింది.

పళ్ల డాక్టరు:
మాత్రల మీద నింద వేయకండి. అద్దం ముందు నాలుక పైకెత్తి చూడండి, మధ్య తీగకు రెండు పక్కలా చిన్న బొడిపెలు ఉంటాయి. దవడ కింది గ్రంథుల ఉమ్ము అక్కడే నోట్లోకి వస్తుంది. కింది ముందుపళ్ల వెనక గార త్వరగా పేరుకునేది కూడా అక్కడే. రెండు దశాబ్దాలుగా ఆ గార గీకుతున్నాను. మీ రాయి దాదాపు ఆ సరుకే, గొట్టంలో గట్టిపడింది.

లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేట్ కరగగలిగిన దానికంటే ఎక్కువే ఉంటాయి. పంటి ఎనామెల్ నిలబడేది దాని వల్లే. అవి అక్కడికక్కడే గడ్డకట్టకుండా స్టాథెరిన్ లాంటి ప్రొటీన్లు ఆపుతాయి. దవడ కింది గ్రంథి ఉమ్ము, చెంప గ్రంథి ఉమ్ము కంటే జిగురు, క్షారగుణం కూడా ఎక్కువ. క్షారగుణం పెరిగితే ఫాస్ఫేట్ కాల్షియాన్ని తేలిగ్గా పట్టుకుంటుంది. పైగా దీని గొట్టం సుమారు 5 సెంటీమీటర్లు, ఉమ్ము కిందనుంచి పైకి ఎక్కాలి. ఎక్కడో నిలిచిందంటే జిగురు, రాలిన కణాలు, బ్యాక్టీరియా ముద్దయి, దాని చుట్టూ పొరపొరగా కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుంటుంది. అందుకే ఈ రాళ్లలో 80 శాతానికి పైగా ఈ గ్రంథిలోనే. కిడ్నీ రాయితో పోల్చకండి, అక్కడ ఎక్కువగా ఆక్సలేట్.

మధ్యాహ్నం నిద్ర:
అయితే ఉమ్ము నిలిచిపోవడమే అసలు సమస్యా? తుమ్ములకని ఏడాదిగా రోజూ అలర్జీ మాత్ర వేసుకుంటున్నాను. రాత్రి లేస్తే నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంటుంది.

పళ్ల డాక్టరు:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది! కొన్ని అలర్జీ మాత్రలు ఉమ్మును తగ్గిస్తాయి. రాయికి అదే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ మాత్ర పేరు మీ డాక్టరుకు చూపించండి, మీరే ఆపేయకండి. పుల్లటి చప్పరింపు బిళ్ల వేసుకుంటే ప్రవాహం పెరుగుతుంది. ఉబ్బు, నొప్పి పెరిగితే మాత్రం వెంటనే ఆపండి, గొట్టం పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. జ్వరం వచ్చినా, చీము రుచి తగిలినా అదే రోజు వెళ్లండి.