నీళ్ళలోన మీను "నిగిడి": దక్కకుండా పోయిన చేపకు ఏ మాట వాడాలి?

మిషిగన్ నుంచి, మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. ఒక క్రియాపదం విషయంలో మీ సాయం కావాలి. ముందు కొంచెం కథ చెప్పాలి, ఓపిక పట్టండి.

జూన్ చివరి వారంలో గ్రేలింగ్ అనే ఊరికి వెళ్ళాను. మేముండే డెట్రాయిట్ నుంచి ఉత్తరంగా 200 మైళ్ళు. అక్కడ ఆ సాబుల్ అనే నది పారుతుంది. ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు, మన లెక్కన ఇసుక వాగు అనుకోవచ్చు. దాని దక్షిణపు పాయలో బ్రౌన్ ట్రౌట్ చేపలుంటాయి. అవీ ఆ నేలవి కావు. 1884లో జర్మనీ నుంచి వచ్చిన గుడ్లతో ఈ రాష్ట్రపు నీళ్ళలోకి చేరిన జాతి.

జూన్ ఆఖర్లో చీకటి పడ్డాక అక్కడ హెక్స్ అనే పెద్ద రెక్కల పురుగులు నీళ్ళలోంచి లేస్తాయి. మన దగ్గర తొలకరికి ఉసిళ్ళు లేచినట్టే. అడుగు బురదలో ఏడాది, రెండేళ్ళు బతికి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే ఉంటాయి. అప్పుడు వాటికి తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. పగలంతా దుంగల కింద దాక్కునే పెద్ద ట్రౌట్లు వీటి కోసమే ఆ రాత్రుల్లో పైకి వస్తాయి. ఆ పురుగును పోలినట్టు ఈకలతో, జంతువుల వెంట్రుకలతో కట్టిన గాలాన్ని ఫ్లై అంటారు, దాన్ని నీటి మీద తేలేలా విసరాలి. ఫ్లై ఫిషింగ్ అంటే అదే.

నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. పదిన్నర దాటింది. చేప కనపడదు, చప్పుడే గుర్తు. చిన్నది అయితే చప్ అంటుంది. ఎదుటి ఒడ్డున నీళ్ళలోకి ఒరిగిన చెట్టు పక్కన మాత్రం చెంబు ముంచినట్టు గుబుక్కుమని వినిపిస్తోంది. నాలుగోసారి విసిరినప్పుడు నా ఫ్లై ఉన్న చోటే ఆ చప్పుడయింది. రాడ్ (గాలపు కర్ర, దారం చుట్టే రీల్ దానికే ఉంటుంది) ఎత్తాను. బరువు తగిలింది. రీల్ గిర్రున తిరిగింది, చేప ఆ చెట్టు వైపే వెళ్ళింది. టెన్షన్‌లో రీల్‌ని అరచేత్తో అదిమి పట్టేశాను. దారం ఒక్కసారిగా వదులైపోయింది. నెత్తి మీది లైటు వెలుగులో ఒక్క క్షణం తోక కనిపించింది. బెత్తెడు కన్నా వెడల్పు.

మర్నాడు మా నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన దివిసీమ కాలువ గట్ల మీద గాలం వేస్తూ పెరిగిన మనిషి. "నాన్నా, పెద్ద చేప పోయింది" అన్నాను. ఎంత పెద్దది అని అడగలేదు. "పోవడమంటే? తెంచుకుపోయిందా, ఊడిపోయిందా, జారిపోయిందా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఇక్కడి స్నేహితులతో 'లాస్ట్' అనే ఒక్క మాటతో గడిచిపోయింది. నాన్నగారు అడిగిన మూడింటికీ తేడా ఏమిటో సరిగ్గా చెప్పగలరా? వేరే మాటలేమైనా ఉంటే అవి కూడా కావాలి.

కోనసీమ నుంచి

మీ నాన్నగారు సరిగ్గా అడిగారండీ. మా వైపు కాలువల మీద కూడా ఈ మూడూ వేరు వేరు. దారం తెగితే చేప తెంచుకుపోయింది. గాలం దాని నోట్లోనే ఉంటుంది, మీ చేతిలో ఉత్త దారం మిగులుతుంది. గాలం మీకు తిరిగొచ్చి చేప ఒక్కటే పోతే ఊడిపోయింది. గట్టు దాకా లాక్కొచ్చి, పట్టుకోబోయే వేళ చేతిలోంచి పోతే జారిపోయింది. 'చేజారడం' అని మామూలుగా అనేది ఈ మూడోదే. చేతి దాకా రానిది చేజారదు కదా. పరీక్ష చేజారింది, ఉద్యోగం చేజారింది అని పేపర్లలో రాస్తుంటే నాకు ఎప్పుడూ చేపే గుర్తొస్తుంది.

మీ ఫ్లై తిరిగొచ్చిందా, పోయిందా? అది చెబితే మాట తేలుతుంది.

నల్లగొండ నుంచి

మా దిక్కు 'తెంపుకపోయింది' అంటరు. ఇంకో సంగతి. మేము వానపామును ఎర్ర అంటం, గాలానికి కుచ్చేది అదే. మీరు ఈకలు కట్టినదాన్ని ఎర అనలేదు, మంచి పని చేసిన్రు. పక్షి తన పిల్లలకు తెచ్చేది ఎర, పులి ముందు కట్టేసిన మేక ఎర. ఎర అంటే నిజంగ తినేది. ఈక తినేది కాదు గదా.

ఇగ సామెత కావాల్నంటే ఉన్నది. 'చచ్చినవాని కండ్లు చారెడు.' పోయినంక ప్రతిదీ పెద్దగనే కనిపిస్తది.

మిషిగన్ నుంచి

ఫ్లై తిరిగి రాలేదు. కాబట్టి తెంచుకుపోయింది అనే అనుకుంటున్నాను. దారం చివర ఎలా ఉందో మాత్రం ఇంకా చూడలేదు, రాడ్ కారులోనే ఉంది.

సామెత గురించి ఒక్క మాట. అది పోయినవాటన్నిటి మీదా అనుమానం పెడుతుంది. ఆ తోకను నేను చూశాను. తోక అంత ఉంటే చేప మూరెడు మీద బెత్తెడైనా ఉండాలి. పెద్దదాన్ని పెద్దదని చెప్పుకునే మాట కావాలి నాకు.

వరంగల్ నుంచి

సామెతను అంత కఠినంగా తీసుకోకండి. మా అమ్మమ్మ ఆ మాట అన్నప్పుడు అందులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. చనిపోయిన తన తమ్ముడి గురించి చెబుతూ చెబుతూ, మధ్యలో తనే ఆగి, "చచ్చినవాని కండ్లు చారెడు అంటరు, కని వాని కండ్లు నిజంగనే పెద్దయి" అనేది. మీరు ఇప్పుడు అంటున్నదీ అదే.

తెనాలి నుంచి (తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను)

మీ పోస్టులో నాకు పట్టిన వాక్యం వేరు. "రీల్ గిర్రున తిరిగింది, చేప ఆ చెట్టు వైపే వెళ్ళింది" అన్నారు. ఆ 'వెళ్ళింది' చాలా పేలవంగా ఉంది. అక్కడ వేయాల్సిన మాట వేమన ఇచ్చాడు.

నీళ్ళలోన మీను నిగిడి దూరము పారు
బైట మూరెడైన బారలేదు
స్థానబలిమి గాని తన బలిమి గాదయా

బళ్ళో మూడో పాదం మీదే పాఠమంతా నడుస్తుంది. ముప్పై ఏళ్ళు నేనూ అలాగే చెప్పాను. మొదటి పాదాన్ని ఎవరూ నిదానంగా చదవరు. 'నిగుడు' అంటే సాగడం, చాచుకోవడం. చూపు నిగిడించాడు, బాణం నిగిడించాడు అని కావ్యాల్లో వస్తుంది. 'కాళ్ళు నిగడదన్ని పడుకున్నాడు' అనేది ఇప్పటికీ వాడుకలో ఉన్న మాటే. అంటే ముడుచుకుని ఉన్నది ఒక్కసారిగా నిలువునా సాగడం. ఇక 'పారు'. ఇప్పుడు మనకు నీళ్ళే పారతాయి. పాత తెలుగులో ఈ మాటకు పరుగెత్తడం అనే అర్థమూ ఉంది. 'పారిపోవడం'లో ఆ అర్థం మిగిలింది. నీరూ పారుతుంది, నీళ్ళలో చేపా పారుతుంది.

మిషిగన్ నుంచి

మాస్టారూ, మీ జవాబు ఆఫీసులో చదివాను. చదివాక కాసేపు పని చేయలేకపోయాను.

ఆ అర నిమిషం మళ్ళీ చెప్పాలి. మొదట చేప కదల్లేదు. అడుగున బండకు గాలం తట్టుకుందా అనుకున్నాను, అంత స్థిరమైన బరువు. రాడ్ కొసలో రెండు సార్లు తల విదిలించినట్టు తెలిసింది. ఆ తర్వాతే అది సాగింది. వేరే మాట లేదు. చేపా, దారమూ, వంగిన రాడూ, రాడ్ పట్టుకున్న నా చెయ్యీ అన్నీ కలిసి ఒకే గీతగా సాగినట్టు అనిపించింది. నీళ్ళలోంచి దారం కోసుకుంటూ పోయే సన్నటి చప్పుడు రీల్ మోత మధ్య విడిగా వినిపించింది. 'నిగిడి' అంటే ఇదే. చిన్నప్పుడు బళ్ళో వల్లెవేసిన పద్యానికి అర్థం నడుము లోతు నీళ్ళలో తెలుస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఇక్కడివాళ్ళు దాన్ని 'రన్' అంటారు. నీళ్ళ పారుదలకూ అదే మాట, చేప పరుగుకూ అదే మాట. మనకు 'పారు' ఉండగా నేను దీన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాను. ఆ వాక్యాన్ని మార్చుకుంటున్నాను: చేప నిగిడి ఆ చెట్టు వైపే పారింది.

విశాఖ నుంచి

ఒక సందేహం. అక్కడ పట్టిన చేపను తిరిగి నీళ్ళలో వదిలేయాలట కదా? ఎలాగూ వదిలేసేదే అయితే ఇంత బాధెందుకండీ? దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మిషిగన్ నుంచి

అవునండీ, నేను నిలబడ్డ చోట పట్టినవన్నీ వదలాల్సిందే. ఈ ప్రశ్న మా ఆవిడ కూడా అడిగింది.

వదలడం నేను చేసే పని. చేపను వలతో అందుకుని, నీళ్ళలోనే ఉంచి గాలం తీస్తాం. తోక మొదలు పట్టుకుని, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి నిలబెడతాం. మొప్పలు ఆడతాయి. బలం పుంజుకున్నాక తనంతట తనే చేతిలోంచి కదిలి వెళ్తుంది. ఆ కదలిక వేళ్ళకు తెలుస్తుంది. ఒంటి మీది ఎర్ర చుక్కల చుట్టూ లేత రంగు వలయాలు కనిపిస్తాయి. ఇవేవీ నాకు దక్కలేదు. పైగా గాలం దాని నోట్లోనే ఉండిపోయింది. వెనక్కి తిరిగిన ముల్లును ముందే నొక్కేసి ఉంచాను కాబట్టి త్వరలోనే రాలిపోతుందని ఆశ. దాని నోట్లో అది ఉందన్న సంగతే అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతోంది.

తెనాలి నుంచి

ఆ గాలం రాలిపోవాలనే మేమూ కోరుకుంటున్నాం. మీరు చెప్పిన తేడా తెలుగు క్రియల్లోనే ఉంది చూడండి. విడుచు, వీడు. చేపను విడిచాను అంటే కర్త మీరు. జడ వీడింది, ముడి వీడింది అన్నప్పుడు చేసినవాడు లేడు, అదే జరిగింది.

మిషిగన్ నుంచి

మాస్టారూ, మీరు ముడి అనగానే కారు దగ్గరికి వెళ్ళి దారం చివర చూశాను. తెగిన దారమైతే చివర తిన్నగా, గరుగ్గా ఉండాలి. నాది పంది తోకలా మెలి తిరిగి, చుట్ట చుట్టుకుని ఉంది. ముడి జారినప్పుడే దారం అలా అవుతుంది.

రాత్రి నాన్నగారికి మళ్ళీ ఫోన్ చేశాను. దారం కొస ఎలా ఉందో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముడి బిగించేముందు ఉమ్మితో తడిపావా?" అన్నారు.

తడపలేదు. చీకట్లో తొందరలో పొడి ముడే బిగించాను.

"అయితే అది తెంచుకుపోలేదురా, దాని మీద వేయకు. ముడి వీడింది. మీ వాళ్ళకి అలా రాయి" అన్నారు.