ఎండోమెట్రియోసిస్ ఉన్నవారు మెట్‌ఫార్మిన్, మౌంజారో వాడవచ్చా?

ప్రశ్న: సోంపేట ఆడపడుచు (ప్రస్తుతం శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నాకు ముప్పై నాలుగేళ్లు. ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) ఉందని, అది ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చిందని విశాఖపట్నంలో చేయించిన స్కానింగులో తేలింది. అప్పటి నుంచి ఆ జబ్బుకిచ్చే హార్మోన్ మందు డయెనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటున్నాను. నొప్పి చాలావరకు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఎక్కువైన రోజుల్లో మందుల షాపులో మెఫెనమిక్ యాసిడ్ మాత్ర కొని వేసుకుంటాను. ఈమధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు సుగర్) 6.1 రావడంతో, సుగర్ ఇంకా రాలేదు గాని హద్దు మీద ఉందని చెప్పి డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ 500 రాశారు.

గాజువాకలో ఉన్న మా వదిన గారు బరువు తగ్గడానికి మౌంజారో ఇంజెక్షన్ తీసుకుంటున్నారు. "నువ్వూ అదే వేయించుకో, గర్భసంచి నొప్పులు కూడా పోతాయట" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నారు. మెట్‌ఫార్మిన్ వల్ల నా సిస్ట్ కరుగుతుందా? ఈ మందులు డయెనోజెస్ట్ పనికి అడ్డు వస్తాయా? మా పుట్టింటివైపు పెదనాన్న గారు డయాలసిస్ మీద ఉన్నారు. ఆ సంగతిని కూడా దృష్టిలో పెట్టుకుని తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: ఫార్మసీ అధ్యాపకుడు, విజయనగరం

అమ్మా, మీ డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ రాసింది సుగర్ హద్దు కోసం. సిస్ట్ కోసం కాదు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే దానిని మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. ఆ లెక్కన ఆ మాత్రకు కారణం ఉంది. దానివల్ల సిస్ట్ కరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఆ ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద, పొత్తికడుపు పొరల మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. ఈ కణజాలం ఈస్ట్రోజెన్ మీద బతుకుతుంది. పైగా అరోమటేజ్ అనే ఎంజైము సాయంతో తనకు కావలసిన ఈస్ట్రోజెన్‌ను కొంతవరకు తానే తయారు చేసుకుంటుంది. మెట్‌ఫార్మిన్ ఈ కణాలలో అరోమటేజ్ పనిని, వాపును తగ్గిస్తుందని ప్రయోగశాలలో కనిపించింది. మనుషులలో జరిగిన పరిశీలనలు చిన్నవి. మెట్‌ఫార్మిన్‌కు గాని, బరువు తగ్గించే ఇంజెక్షన్లకు గాని ఎండోమెట్రియోసిస్ మందుగా అనుమతి లేదు. పీసీఓఎస్‌లో, అంటే అండాశయాలలో చిన్న చిన్న నీటి తిత్తులు కనిపించే హార్మోన్ల జబ్బులో, మెట్‌ఫార్మిన్ విరివిగా వాడతారు కాబట్టి, అండాశయంలో తిత్తి అనగానే రెండు జబ్బులనూ ఒకే గాటన కట్టేయడం మన దగ్గర అలవాటైపోయింది. అది నీటి తిత్తుల సంగతి, మీది పాత రక్తం నిండిన తిత్తి.

డయెనోజెస్ట్ పనికి మెట్‌ఫార్మిన్ అడ్డు రాదు. చికాకు వేరే చోట ఉంది. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో కడుపు ఉబ్బరం, విరేచనాలు, వికారం చాలామందికి వస్తాయి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి ఇవే లక్షణాలు జబ్బు వల్ల కూడా వస్తాయి కనుక, ఏది దేనివల్ల వచ్చిందో తెలియక కొందరు మాత్ర మానేస్తారు, మరికొందరు జబ్బు ముదిరిందని భయపడతారు. కాగితం మీద తేదీ, మాత్ర వేసుకున్న వేళ, రక్తస్రావం, నొప్పి ఎంత అన్నది రాసుకుంటూ పోతే, మాత్ర వేసుకున్నాక రోజూ ఒకే తీరున వచ్చే ఉబ్బరం మందుదని, నెలసరి లెక్కతో వచ్చిపోయేది జబ్బుదని విడిగా కనబడే అవకాశం ఉంది. భోజనంతో పాటు వేసుకోండి. తట్టుకోలేకపోతే నెమ్మదిగా కరిగే రకం రాయమని అడగండి. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు కాబట్టి దానినీ అప్పుడప్పుడు చూపించుకోవాలి.

సుగర్‌ను అదుపులో పెట్టుకోవడానికి మీకు మరో కారణం కూడా ఉంది. అమెరికాలో 1989లో మొదలైన రెండవ నర్సుల ఆరోగ్య అధ్యయనంలో, లాప్రోస్కోపీతో (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసి చేసే ఆపరేషన్) ఎండోమెట్రియోసిస్ నిర్ధారణ అయిన స్త్రీలకు గుండె రక్తనాళాల జబ్బు ముప్పు మిగతావారికంటే దాదాపు 60 శాతం ఎక్కువగా కనిపించిందని 2016లో ప్రచురించారు. అందులో కొంత భాగం గర్భాశయం, అండాశయాలు చిన్న వయసులోనే తీసివేయడం వల్ల వచ్చిందని కూడా వారే తేల్చారు. మన జిల్లాలలో నొప్పి అనగానే గర్భసంచి తీయించేసుకునే ఆడవాళ్లు ఎందరో అందరికీ తెలిసిందే కనుక ఈ మాట ఇక్కడ చెప్పక తప్పలేదు.

సమాధానం: బొబ్బిలి నుంచి

నేను టిర్జెపటైడ్, అదే మీ వదిన గారు వాడే మందు, డయెనోజెస్ట్‌తో కలిపి వాడుతున్నాను. బరువు తగ్గింది, అందులో అనుమానం లేదు. అయితే నా జబ్బు మలద్వారానికి దగ్గరగా పేగుకు అంటుకుని ఉంది. ఈ ఇంజెక్షన్ కడుపును, పేగులను నెమ్మదింపజేస్తుంది కనుక మలబద్ధకం పట్టుకుంది. గట్టిపడిన మలం సరిగ్గా ఆ చోటే ఒత్తి, విరేచనానికి కూర్చోవాలంటేనే భయమేసేంత నొప్పి వచ్చింది. డోసు పెంచకుండా కొన్నాళ్లు 2.5 మిల్లీగ్రాముల దగ్గరే ఆపి, రాత్రిపూట ఇసబ్‌గోల్ వేడినీళ్లలో కలిపి తాగమన్నారు. ఇప్పుడు ఫరవాలేదు. మీ వదిన గారికి ఎండోమెట్రియోసిస్ లేకపోతే ఆవిడ అనుభవం మీకు కొలబద్ద కాదు, అక్కా.

సమాధానం: స్టాఫ్ నర్సు, పలాస

అందరూ సిస్ట్ గురించే మాట్లాడుతున్నారు గాని, ఈ అమ్మాయిది సోంపేట అన్న సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాలలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో తెలిసే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఉద్దానం అనే ఆ ప్రాంతపు పిల్ల, ఇంట్లో డయాలసిస్ మనిషి, తాను నెలనెలా నొప్పి మాత్రలు మింగుతోంది. మెట్‌ఫార్మిన్ కంటే ముందు ఆ నొప్పి మాత్ర గురించి ఆలోచించాలి.

మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దానిని తట్టుకుంటుంది, అప్పటికే దెబ్బతిన్నది తట్టుకోలేదు. దెబ్బతిన్న సంగతి చాలా ఆలస్యంగా గాని పైకి తెలియదు. ఎండలో కొబ్బరి తోటల్లో పనిచేసి, నీళ్లు తాగక, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఈ మాత్రలు వేసుకునే ఆడవాళ్లను మేము రోజూ చూస్తాం. ఇక మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు గాని, కిడ్నీ పాడైతే అది శరీరంలో పేరుకుంటుంది. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె) 30 కంటే తక్కువైతే వాడకూడదు. 30, 45 మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టరు. ఇంజెక్షన్ల వల్ల వాంతులు, విరేచనాలు ఎక్కువై ఒళ్లు ఎండిపోతే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ సమయంలోనే నొప్పి మాత్ర కూడా వేసుకుంటే రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి.

కాబట్టి తల్లీ, మెట్‌ఫార్మిన్ మొదటి స్ట్రిప్ చించకముందే క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించు. ఆ కాగితం మీ స్త్రీల డాక్టరుకూ, సుగర్ డాక్టరుకూ ఇద్దరికీ చూపించు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. నాకు కిడ్నీ పరీక్ష చేయించమని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. రేపే రక్తం ఇస్తాను. ఇంకొక్క మాట. వచ్చే ఏడాది పిల్లల కోసం ప్రయత్నించాలనుకుంటున్నాము. అవసరమైతే సిస్ట్‌కు ముందుగా లాప్రోస్కోపీ చేయాలన్నారు. అలాంటప్పుడు ఇంజెక్షన్ మొదలుపెట్టడంలో అర్థం ఉందా?

సమాధానం: ఫార్మసీ అధ్యాపకుడు, విజయనగరం

నర్సమ్మ గారు చెప్పింది నా జవాబుకంటే ముందు ఉండవలసిన మాట.

బరువు ఎక్కువగా ఉండి, డాక్టరు అవసరమని తేల్చితే వాడవచ్చు గాని, ఎండోమెట్రియోసిస్ నొప్పి కోసమైతే మొదలుపెట్టవద్దు. కొవ్వు తగ్గితే ఈస్ట్రోజెన్ తగ్గి జబ్బు తగ్గుతుందనే వాదన వినడానికి బాగుంటుంది. అయితే ఈ జబ్బు సన్నగా ఉన్న స్త్రీలలోనే ఎక్కువగా కనిపిస్తుందన్న సంగతి ఆ వాదనకు అంత సులువుగా లొంగదు. పిల్లల కోసం ప్రయత్నించే ముందు సెమాగ్లూటైడ్ (ఇలాంటిదే మరో మందు) కనీసం రెండు నెలలు, టిర్జెపటైడ్ కనీసం ఒక నెల మానేసి ఉండాలి. టిర్జెపటైడ్ వల్ల నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్రల శోషణ తగ్గుతుంది కనుక, మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా తీసుకోమంటారు. మీ డయెనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్రను గర్భనిరోధక మాత్రగా నమ్ముకోకూడదు; ఇంజెక్షన్ ఉన్నా లేకపోయినా అంతే. డయెనోజెస్ట్ మాత్ర వేసుకున్న మూడు, నాలుగు గంటలలోపు వాంతి అయితే మరొకటి వేసుకోవాలి.

లాప్రోస్కోపీ తేదీ ఖాయమైతే ఇంజెక్షన్ సంగతి స్త్రీల డాక్టరుకు చెప్పి ఊరుకోకండి, మత్తు ఇచ్చే డాక్టరుకు విడిగా చెప్పండి. ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం మిగిలిపోయి, మత్తులో ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి, చివరి డోసు ఏ రోజు తీసుకున్నారో ఆయన కాగితం మీద రాసుకునేలా చూడండి.