టెనోఫోవిర్ వాడే నాన్నకు క్రియాటినిన్ పెరిగింది, మందు మార్చిన వారు ఉన్నారా?

మాది ప్రొద్దుటూరు. నాన్నకు 61 ఏళ్లు. హెపటైటిస్ బి కోసం ఆరేళ్లుగా టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ 300 మి.గ్రా. మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నారు. వైరస్ అదుపులోనే ఉంది. దిగులంతా ఇప్పుడు మూత్రపిండాల గురించే.

రెండు నెలలుగా సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీ అచ్చు పడుతోంది. మూత్రంలో నురుగు. ఎండలకు నీళ్లు చాలక అనుకుని మేమే సర్దుకున్నాం, అదే మా పొరపాటు. రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (మూత్రపిండాల పని మందగిస్తే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.1 నుంచి 1.8కి చేరింది. మూత్రంలో ప్రోటీనుతో పాటు చక్కెర కూడా పోతోంది. విచిత్రం, రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది, ఫాస్ఫేట్ మాత్రం తక్కువ. మందు వల్ల మూత్రపిండ నాళికలు దెబ్బతిన్నాయని ఒక డాక్టరు గారు అంటారు. వైరస్ వల్ల వచ్చే మెంబ్రేనస్ నెఫ్రోపతీ (మూత్రపిండాల వడపోత పొర దెబ్బతినే జబ్బు) కూడా కావచ్చు, మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేయాలంటారు ఇంకొకరు.

మాత్ర మానేస్తానని నాన్న పట్టు. ఉన్నట్టుండి ఆపితే వైరస్ మళ్లీ చెలరేగి కాలేయానికే ముప్పని, సీసా నా దగ్గరే పెట్టుకుని రోజూ రాత్రి నేనే ఇస్తున్నాను.

ఇదే మందు మరో రూపమైన టెనోఫోవిర్ అలాఫెనమైడ్ 25 మి.గ్రా.కు గానీ, హెపటైటిస్ బికే వాడే వేరే మందు ఎంటెకావిర్‌కు గానీ మారిన వారికి క్రియాటినిన్ ఎన్నాళ్లకు తగ్గింది? ఎంటెకావిర్ ఖాళీ కడుపుతో వేసుకోవాలట, కళ్లు తెరవగానే టీ అడిగే మనిషితో ఎలా నెట్టుకొచ్చారు? బయాప్సీ తర్వాత ఎన్ని రోజులు విశ్రాంతి కావాలి? కాలేయం, మూత్రపిండాల నిపుణులిద్దరూ ఒకేచోట చూసే ఆసుపత్రి కడపలోనో కర్నూలులోనో ఉంటే చెప్పండి, లేదంటే తిరుపతికి బయలుదేరతాం.