చిన్న వ్యాపారానికి అమ్మకపు ఉత్తరం ఎలా రాయాలి? మీ అనుభవాలు చెప్పండి

గానుగ నూనె, కర్నూలు:
అందరికీ నమస్కారం. మాది మోటారుతో తిరిగే కట్టె గానుగ. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి ఆడిస్తాము. ఇంతకాలం కొన్నవారి పేర్లు, చిరునామాలు ఒక పుస్తకంలో రాసుకుంటూ వచ్చాము. పండుగకు ముందు వారందరికీ, నంద్యాల చెక్‌పోస్టు వైపు కొత్త కాలనీల్లో ఉన్నవారికీ ఉత్తరాలు పంపాలని ఉంది. ప్రెస్సులో ఇలా రాసి ఇచ్చారు:

"గౌరవనీయులైన వినియోగదారులకు విన్నపము. నాణ్యతే మా ధ్యేయం. మా వద్ద అత్యంత స్వచ్ఛమైన, నెంబర్ వన్ గానుగ నూనెలు సరసమైన ధరలకు లభించును. మా నూనె వాడినచో కొలెస్ట్రాలు, షుగరు తగ్గును. ఒకసారి విచ్చేసి ఆదరించగలరు."

చదవడానికి బాగానే ఉన్నా, దీన్ని చూసి ఎవరైనా లేచి దుకాణానికి వస్తారన్న నమ్మకం నాకు కలగడం లేదు. ఇలాంటి ఉత్తరాలు రాసి ఫలితం చూసినవారు సలహా చెప్పగలరు.

పట్టు చీరలు, ధర్మవరం:
అన్నగారూ, ఆ ఉత్తరంలో మీ గానుగకు మాత్రమే వర్తించే వాక్యం ఒక్కటీ లేదు. "నూనెలు" అన్నచోట "సిమెంటు" అని రాసినా ఉత్తరం అలాగే నిలబడుతుంది. చదివేవారికి అది వెంటనే తెలిసిపోతుంది.

మీ గిరాకీ మనసులో ఉన్న ప్రశ్న ఏమిటో ముందు ఆలోచించండి. ప్యాకెట్ నూనె ఇంత తక్కువకు దొరుకుతుంటే గానుగ నూనెకు అంత ధర ఎందుకన్నదే ఆ ప్రశ్న అని నా అంచనా. "సరసమైన ధర" అన్న మాట దానికి జవాబు కాదు. లీటరు వేరుశనగ నూనె రావడానికి సుమారు రెండున్నర కిలోల వేరుశనగ పప్పు పడుతుంది. కిలో పప్పు 130 రూపాయలు అనుకుంటే పప్పుకే 325 రూపాయలు అవుతుంది. నూనె తీశాక మిగిలే చెక్కను అమ్మితే కొంత తిరిగి వచ్చినా, దాని మీద కరెంటు, కూలి, డబ్బా ఖర్చు ఉండనే ఉంటాయి. ఈ లెక్కను అలాగే రాయండి. ఇంటి ఇల్లాలు తానే లెక్క వేసుకుని, ఇంతకంటే చవకగా గానుగ నూనె ఇస్తామన్నవారి దగ్గర ఏం కలుస్తుందోనని తానే అడగడం మొదలుపెడుతుంది.

మా చీరల విషయంలో భయం వేరు. ఊరు దాటి అమ్మేటప్పుడు ఇది అసలు పట్టేనా, మగ్గం మీద నేసినదా, మరమగ్గం సరుకా, జరీ ఎలాంటిది అని అడుగుతారు. అందుకని బెంగళూరు, హైదరాబాదు గిరాకీకి ఉత్తరం పంపేటప్పుడు పై మడతలో చిన్న పట్టు పోగును అతికించి, దాని పక్కన ఇలా రాస్తాము: "ఈ పోగును వెలిగించి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అయితే అది పట్టు. కరిగి గట్టి గుండులా మిగిలితే అది సింథటిక్. చీర చేతికి అందాక కొంగు చివర కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి ఇదే పరీక్ష చేయండి." తరువాతి వాక్యంలో, సెంట్రల్ సిల్క్ బోర్డు ప్రోత్సాహంతో నడిచే సిల్క్ మార్క్ లేబులు, అంటే అసలు పట్టు అని తెలిపే గుర్తు, చీరకు ఉంటుందని చెబుతాము. వెండి జరీకి బదులు వాడే చవక రకమైన టెస్టెడ్ జరీ అయితే టెస్టెడ్ జరీ అనే రాస్తాము. దానిని వెండి జరీ అని రాసి అమ్మిన చీర ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుంది, ఆ గిరాకీ మాత్రం మళ్లీ రాదు.

మీ నూనెలో ఉన్న లోపాన్ని కూడా ముందుగా మీరే చెప్పండి. శుద్ధి చేయని నూనె కాగేటప్పుడు నురగ వస్తుంది, డబ్బా అడుగున మడ్డి దిగుతుంది. కొన్నాక చూస్తే గిరాకీకి అనుమానం పుడుతుంది. కొనకముందే మీరు చెప్పి ఉంటే, ఆ నురగే కల్తీ లేదన్న నమ్మకానికి తోడవుతుంది.

బండల పాలిష్, యర్రగుంట్ల:
ధర్మవరం వారు చెప్పింది ఇంటికి కొనేవారి విషయంలో సరైనదే. వ్యాపారికి రాసేటప్పుడు మాత్రం అంత వివరం పనికిరాదు. మేము కడప బండలను బెంగళూరు, చెన్నై కాంట్రాక్టర్లకు పంపుతాము. వారి బల్ల మీద మా ఉత్తరంతోపాటు తాడిపత్రి, బేతంచెర్ల బండల వారి ఉత్తరాలు కూడా ఉంటాయి. కాబట్టి మొదటి రెండు పంక్తుల్లోనే సైజు, మందం, అడుగు ధర, లోడింగు కలిపా విడిగానా అన్నది ఉండాలి. మూడో పంక్తి అన్నిటికంటే ముఖ్యమైనది: దారిలో పగిలిన బండల నష్టం ఎవరిది? లారీ దించేటప్పుడే లెక్కపెట్టి, పగిలిన వాటిని బిల్లులో తగ్గిస్తామని రాయడం మొదలుపెట్టాక, ధర గురించి బేరం తగ్గి, సరుకు ఎప్పుడు పంపుతారని అడగడం పెరిగింది. మా పాలిషింగ్ యూనిటు ఎప్పుడు పెట్టామో, నాన్నగారి పేరేమిటో రాసే పేరా పూర్తిగా తీసేశాము.

మందుల దుకాణం, అనంతపురం:
గానుగ వారు దయచేసి "షుగరు తగ్గును" అన్న మాటను ప్రెస్సుకు ఇవ్వకముందే తీసేయండి. నయం చేస్తుందని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో మధుమేహాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చేర్చింది. ఆహార పదార్థాల మీద తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 53వ సెక్షను ప్రకారం 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇక కొలెస్ట్రాలు మొక్కల నూనెల్లో వేటిలోనూ లెక్కించదగినంత ఉండదు, కనుక అది లేకపోవడాన్ని మీ నూనె గొప్పతనంగా చెప్పుకోవడం కుదరదు. మా దుకాణానికి వచ్చే కొందరు పెద్దవాళ్లు ఇలాంటి కరపత్రాలు చదివి మాత్రలు మానేస్తున్నారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్లౌజులు, టైలరింగ్, ప్రొద్దుటూరు:
నేను పాత గిరాకీకి పోస్టుకార్డులే రాస్తాను. చేత్తో రాసిన కార్డు ఇప్పటికీ 50 పైసలే. అదే కార్డును అచ్చు వేయిస్తే ప్రింటెడ్ కార్డుగా లెక్కకట్టి 6 రూపాయలు తీసుకుంటారు, కాబట్టి ముందే చూసుకోండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పెట్టుకోవచ్చు గానీ, మన నంబరును సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. దుకాణానికి వచ్చినప్పుడే "మా నంబరు పెట్టుకోండమ్మా" అని అడగడం మంచిది.

గడువు గురించి ఒక మాట. మా ఊళ్లో దసరా చాలా పెద్ద పండుగ. నవరాత్రులకు ముందు మిషన్ల మీద ఎన్ని బ్లౌజులు కుట్టగలమో నాకు తెలుసు. అందువల్ల "ఫలానా తేదీ లోపు బట్ట ఇస్తే నవరాత్రుల తొలిరోజుకు చేతికిస్తాను, ఆ తర్వాత ఇచ్చినవి దసరా అయ్యాకే" అని రాస్తాను, అలాగే చేస్తాను. ఏడాది పొడవునా "ఈ ఒక్కరోజే తగ్గింపు" అని రాసే దుకాణాల మాటను మా వీధిలో ఎవరూ పట్టించుకోరు.

గానుగ నూనె, కర్నూలు:
అందరికీ ధన్యవాదాలు. అనంతపురం వారు చెప్పగానే ఆ వాక్యం కొట్టేశాను. ఇప్పుడు ఇలా రాశాను:

"అమ్మా, నమస్కారం. పోయిన ఉగాదికి మీరు మా గానుగలో వేరుశనగ నూనె తీసుకున్నారు. ఈ వారం కొత్త కాయ ఒలిపించి ఆడిస్తున్నాము. లీటరుకు సుమారు రెండున్నర కిలోల పప్పు పడుతుంది. ఈనాటి పప్పు ధర, లీటరు ధర రెండూ దుకాణం ముందు పలక మీద రాసి ఉంటాయి. నూనెను స్టీలు డ్రమ్ముల్లో నిలవ ఉంచి, తేరిన పైనూనె మాత్రమే పోస్తాము. అయినా అడుగున కొంచెం మడ్డి దిగవచ్చు, బోండాలు వేసేటప్పుడు నురగ రావచ్చు. శుద్ధి చేయని నూనెకు అది సహజం. ఆడించేటప్పుడు వచ్చి మీ ఎదుటే పట్టించుకోవచ్చు. నువ్వుల నూనె, కొబ్బరి నూనె కూడా ఉన్నాయి. ఫోను చేయండి, లేదా వాట్సాప్ పెట్టండి, లేదా దుకాణానికి రండి. ఖాళీ డబ్బా తెచ్చుకుంటే డబ్బా ఖర్చు తగ్గిస్తాము."

పట్టు చీరలు, ధర్మవరం:
ఇది మీ గానుగ ఉత్తరం. "మీ ఎదుటే పట్టించుకోవచ్చు" అన్న వాక్యం చివర్లో మరుగున పడింది, దాన్ని రెండో వాక్యంగా పైకి తీసుకురండి. నువ్వుల నూనె, కొబ్బరి నూనె ఇప్పుడు వద్దు, వాటికి వేరే ఉత్తరం రాయండి. మూడు దారులు చూపిస్తే ఏదో ఒకటి తర్వాత చేద్దాంలే అనుకుని పక్కన పెడతారు. గానుగ తిరిగే రోజు, వేళ రాసి రమ్మనండి, అంతే.

బ్లౌజులు, టైలరింగ్, ప్రొద్దుటూరు:
కొత్త కాలనీల వారు మీ దగ్గర ఇంకా కొనలేదు కాబట్టి వారికి "పోయిన ఉగాదికి" అన్న మొదటి వాక్యం పనికిరాదు. వారికి పప్పు లెక్కతోనే మొదలుపెట్టండి.

బండల పాలిష్, యర్రగుంట్ల:
ఖాళీ డబ్బా మాట పనిచేస్తుందో లేదో తెలియాలంటే, ఒకే వీధిలో ఒక ఇంటికి ఆ వాక్యం ఉన్న ఉత్తరం, పక్కింటికి లేని ఉత్తరం పంపండి. కాలనీకి ఒక రకంగా పంపితే తేడా ఉత్తరం వల్ల వచ్చిందో, కాలనీ వల్ల వచ్చిందో తేలదు. వచ్చినవారిని ఉత్తరం తెమ్మని అడిగి, మూలన వేసిన చిన్న గుర్తును బట్టి పుస్తకంలో రాసుకోండి.