డాబా మీద పుట్టినరోజు: పిల్లల ముఖాలకు ఏ రంగులు వాడాలి, చేతులతో ఏం చేయించాలి?

ప్రశ్న – పెదవాల్తేరు అమ్మ

అందరికీ నమస్కారం. మా చిన్నపాపకు మే నెల మూడో ఆదివారం ఆరేళ్ళు నిండుతాయి. ఈసారి హాలు తీసుకోవడం లేదు. విశాఖలో మా ఇంటి డాబా మీదే, సాయంత్రం ఐదింటి నుంచి చేద్దామనుకున్నాం. బడి స్నేహితులు, చుట్టాల పిల్లలు కలిపి పాతికమంది వస్తారు. అందరూ నాలుగు నుంచి పదేళ్ళ మధ్యవాళ్ళు.

పాపకు రెండే కోరికలు. బుగ్గల మీద సీతాకోకచిలుక వేయించుకోవాలి. వచ్చిన పిల్లలందరితో కలిసి ఏదైనా తయారుచేయాలి. రెండోది నాకెంతో నచ్చింది. పోయిన ఏడాది అంతా అలంకరణవాళ్ళకు అప్పగించాం. వేదిక బాగుంది, ఫొటోలు బాగా వచ్చాయి. పిల్లలు మాత్రం గంటన్నరసేపు కుర్చీల్లో కూర్చుని తల్లుల ఫోన్లు చూశారు. ఆ ఫొటోలు ఇప్పటికీ తృప్తిగా చూడలేను.

భయమల్లా మొదటిదాని గురించే. రెండేళ్ళ క్రితం బంధువుల ఇంట్లో ఇలాగే రంగులు వేయడానికి ఒకాయన వచ్చారు. చిన్న చిన్న సీసాలు, ఒకే కుంచె, ఒకే గ్లాసు నీళ్ళు. మా పెద్దవాడికి సాలెపురుగు వేశారు. ఆరిన కాసేపటికే ముఖం లాగుతోందని వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఇంటికి తెచ్చి కడిగితే రంగు పొరలు పొరలుగా ఊడింది. కింద బుగ్గంతా కంది, రెండు రోజులు ఎర్రగా ఉంది. అప్పటినుంచి మా అత్తయ్యగారు “పుట్టినరోజు పూట పిల్లల ముఖానికి రంగులేమిటమ్మా” అంటారు. ఆవిడ మాట కొట్టిపారేయలేను, పాప ఆశనూ కాదనలేను.

ఏ రంగులు కొనాలి? మే నెల ఉక్కలో అవి నిలుస్తాయా? నేనే వేయగలనా? ఆరేళ్ళ పిల్లలు గంటలోపు చేయగలిగే చేతిపనులు ఏమున్నాయి? వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలో పెట్టడానికి ప్లాస్టిక్ కానిది ఏమిస్తే బాగుంటుంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు – బుగ్గ మీద బొమ్మ, మద్దిలపాలెం

ఎనిమిదేళ్ళుగా పుట్టినరోజులకు, బడి వార్షికోత్సవాలకు పిల్లల ముఖాల మీద బొమ్మలు వేస్తున్నాను. మీ బాబు సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

పొరలుగా ఊడిందన్నారంటే అది అక్రిలిక్ రంగే అయి ఉంటుంది. కాన్వాసుకో కుండకో వేసే రంగు అది. ఆరితే ప్లాస్టిక్ పొరలా బిగుసుకుంటుంది, అందుకే ముఖం లాగుతుంది. సీసా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటుంది కాబట్టి ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. బొమ్మలు గీసుకునే పిల్లవాడి వేలికి కాస్త అంటి నోట్లోకి పోయినా విషం కాదని ఆ మాటకు అర్థం. మూడు గంటలు చెంప మీద ఉంచుకోవచ్చని కాదు. పోస్టర్ రంగులైనా, స్కెచ్ పెన్నులైనా అంతే. బడి సంచిలో ఉన్నవి ఏవీ ముఖానికి వద్దు.

ముఖం కోసమే తయారైన బిళ్ళ రంగులు దొరుకుతాయి. నీటితో తడిపి వాడేవి కొనండి. చట్టప్రకారం అవి సౌందర్య సాధనాలు. మన దేశంలో చేసినవైతే డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బయటి నుంచి వచ్చినవైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పదార్థాల పట్టిక, గడువు తేదీ కూడా చూడండి. ఇవి లేని డబ్బా ఎంత చవకగా వస్తున్నా తీసుకోవద్దు. తెలుపు, నలుపు, పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఉంటే పాతికమందికి చాలు. చీకట్లో మెరిసే రంగులు నేను పిల్లలకు అసలు వాడను. చేతిపనుల తళుకుపొడి ముఖం దగ్గరికి కూడా రానివ్వను. దాని అంచులు పదునుగా ఉంటాయి, రేణువు కంట్లో పడితే గుడ్డును గీరుతుంది.

ముందురోజే పాప మోచేతి మడతలో ప్రతి రంగూ చిన్న చుక్క పెట్టి చూడండి. మర్నాటి వరకు దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి వాడండి. వచ్చే పిల్లల తల్లులకు కూడా పిలుపులోనే చెప్పి, చర్మం సున్నితమైతే ముందే తెలపమనండి. మూడేళ్ళలోపు పిల్లలు వస్తే ముఖం జోలికి పోను. కళ్ళకలక ఉన్నా, ముఖాన పుండో గీరుడో ఉన్నా వేయను. ఆ తల్లి ఎంత అడిగినా సరే.

మరొక్క మాట. పార్టీలలో నల్ల గోరింటాకు కోన్లు కూడా పెడుతున్నారు. అసలు గోరింటాకు నారింజ రంగులో మొదలై ఎర్రగా ముదురుతుంది. పెట్టిన గంటకే నల్లగా పండిందంటే అందులో జుట్టుకు వేసే రంగు మందు కలిసి ఉండవచ్చు. దానివల్ల బొబ్బలు లేస్తాయి.

ఇక ఉక్క సంగతి. సముద్రం పక్కన సాయంత్రం ఎండ తగ్గుతుంది కానీ చెమట తగ్గదు. నీటి రంగు చెమటకు కారుతుంది, దాన్ని ఆపలేం. అందుకే మే నెలలో నేను ముఖం నిండా వేయను. ఒక బుగ్గ, లేదా నుదుటి పక్క, లేదా ముంజేయి. ముందు తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి, రంగును పల్చగా పూయాలి. రంగులో నీళ్ళు ఎక్కువైతే కారుతుంది, తక్కువైతే బీటలు వారుతుంది. వేలితో తాకితే పల్చటి మీగడలా ఉండాలి. పెదవుల చుట్టూ ఏమీ వేయకండి, కేకుతో పాటు లోపలికి పోతుంది.

సీతాకోకచిలుక మీరే వేయగలరు. తడి స్పాంజిముక్క మూలకు పసుపు అద్ది చెంప ఎముక మీద పెద్ద రెక్క, దాని కింద చిన్న రెక్క తట్టండి. అంచుల్లో కాస్త ఎరుపు తట్టితే రెండూ కలిసేచోట నారింజ రంగు తనంతట తానే వస్తుంది. ఆరాక సన్న కుంచెతో నల్ల అంచు గీయాలి. కుంచెను బయటి అంచు దగ్గర కాస్త నొక్కి పెట్టి, లోపలికి లాగుతూ నెమ్మదిగా పైకి ఎత్తేయండి. గీత దానికదే మందం నుంచి సన్నానికి వస్తుంది. చివర కుంచె వెనక కొనతో నాలుగు తెల్లచుక్కలు. మొదట మీ ముంజేతి మీద పదిసార్లు వేసి చూసుకోండి. చల్లటి కుంచె తగలగానే పిల్లలు ఊపిరి బిగబట్టి కళ్ళు గట్టిగా మూసుకుంటారు. ఆ నాలుగు నిమిషాలు పరుగులన్నీ మాని మీ చేతిలో ముఖం పెట్టి కూర్చుంటారు. నేను ఈ పని వదలలేకపోవడానికి కారణం అదే.

నాలుగు నిమిషాల చొప్పున పాతికమందికి వంద నిమిషాలు. మీ ఒక్కరివల్ల కాదు, ఇంకొకరిని తోడు పెట్టుకోండి. అంకెలు రాసిన చీటీలు ఇస్తే తోపులాట ఉండదు. స్పాంజిని ముక్కలుగా కోసి ఒక్కో బిడ్డకు ఒక్కో ముక్క వాడండి. ఒకరికి వాడింది మరొకరిని తాకకూడదు. కుంచె కడిగే నీళ్ళు మారుస్తూ ఉండండి. చిన్న అద్దం తప్పకుండా పెట్టుకోండి, అది లేకపోతే పిల్లలకు సగం ఆనందం పోతుంది. మన ఊరి పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేవి పులి, తాబేలు, బీచిలో నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి. తాబేలు మరీ తేలిక. చలికాలంలో మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గురించి చెబుతూ వేస్తే కదలకుండా వింటారు.

తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు, స్నానం సబ్బు చాలు. నీలం, ఆకుపచ్చ కాస్త మరక పెడతాయి. దూదికి కొబ్బరినూనె అద్ది మెల్లగా తుడవండి. నలుగుపిండి పెట్టి రుద్దకండి.

మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క, పెళ్ళికూతురి బుగ్గన చుక్క, పసుపు సున్నం కలిపి ఎర్రగా చేసిన పారాణి, ఇవన్నీ ఆవిడకు తెలిసిన రంగులే. పులివేషం కట్టేవాళ్ళు ఒంటినిండా పసుపురంగు పూసి నల్లచారలు దిద్దుకోవడం ఆవిడ చూసే ఉంటారు. ఆవిడ భయం రంగంటే కాదు, ఊరూ పేరూ లేని రంగంటే. ఆ భయం న్యాయమైనది.

జవాబు – తెలుగు మాస్టారు, భీమిలి

అమ్మా, ముఖం రంగుల గురించి పై ఆవిడ చక్కగా చెప్పారు. చేతిపనుల గురించి నేను చెబుతాను. ముప్పై ఏళ్ళు పల్లె బడుల్లో పనిచేశాను. బొమ్మలు కొనే శక్తి లేని పిల్లలే నాకు ఇవి నేర్పారు.

కొబ్బరాకు తెప్పించండి. మట్ట పచ్చిగా ఉండాలి, ఆ రోజు ఉదయమే కోసినదై ఉండాలి. ఎండిన ఆకు మడత దగ్గర చిట్లుతుంది. తడిగుడ్డ చుట్టి నీడలో పెడితే సాయంత్రం దాకా మెత్తగానే ఉంటుంది. ఈనెలు ముందే పెద్దవాళ్ళు తీసేయాలి, వాటి కొనలు కళ్ళ దగ్గరికి రాకూడదు. ఆరేళ్ళవాళ్ళకు చేతి గడియారం, గాలిమర వస్తాయి. ఎనిమిది దాటినవాళ్ళు బూర చుట్టగలరు. ఆకును ఏటవాలుగా, ఒక చుట్టు మీద మరో చుట్టు సగం ఎక్కేలా చుట్టుకుంటూ పోయి, వెడల్పు కొసన చిన్న ఈనెముక్క గుచ్చి ఆపాలి. సన్న కొసలో మడిచిన ఆకు పీకను దూర్చి ఊదితే మోగుతుంది. మొదటిసారి మోగదు. పిల్లలు విప్పి మళ్ళీ చుడతారు. విసుక్కోకుండా చూస్తూ ఉండండి. రెండోసారో మూడోసారో మోగినప్పుడు ఆ బిడ్డ ముందు చూసేది బూరను కాదు, మిమ్మల్ని.

అతికించే పనులకు మైదా జిగురు చేసుకోండి. మైదాను ముందు చల్లనీళ్ళలో ఉండ లేకుండా కలిపి, ఆ తరువాతే పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఉంటే చిక్కబడి నిగనిగలాడుతుంది. పాతకాలంలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్ళం. అది విషం, పిల్లల పనికి వద్దు. ఏ రోజుకారోజు చేసుకుంటే సరిపోతుంది. రంగుకాగితాలు, జనపనార తాడు పూర్ణా మార్కెట్లో కొనుక్కోండి. తాడుకు కాగితపు చేపలు అతికించి పిల్లలే తోరణం కడితే డాబాకు వేరే అలంకరణ ఎందుకు? థర్మకోల్ అలంకరణలు, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఎవరైనా తెస్తామన్నా వద్దనండి.

చేతిలో పెట్టే కానుకంటే నాకు ఒక్కటే గుర్తొస్తుంది, ఏటికొప్పాక లక్కబొమ్మ. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, మనకు అరవై కిలోమీటర్ల పైచిలుకు. వరాహ నది ఒడ్డున ఊరు. మెత్తటి అంకుడు కర్రను లేతు అనే తిప్పుడు యంత్రం మీద తిప్పుతూ లక్కకడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బ్రష్షుతో పూసిన రంగు కాదది. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటివాటి నుంచి తీసిన రంగులు వాడే పద్ధతిని సి.వి. రాజు గారు మళ్ళీ నిలబెట్టారు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పాతిక బొంగరాలు కొనండి. వీలైతే పాపను తీసుకెళ్ళి, బొంగరం పుట్టడం చూపించి కొనండి. అంత దూరం కుదరకపోతే నగరంలో ప్రభుత్వ హస్తకళల లేపాక్షి దుకాణం ఉంది. రంగు సహజమైనదేనా అని మాత్రం అడిగి తీసుకోండి.

జవాబు – గాజువాక గృహిణి

మా బాబు చర్మం సున్నితం. ఏ రంగూ పడదు, ముఖాన ఎవరైనా చేయి వేసినా బెదిరిపోతాడు. పార్టీలలో వరసలో నిలబడి, తన వంతు రాగానే వెనక్కి పరుగెత్తి వచ్చేవాడు. ఒక పుట్టినరోజులో ఆ ఇంటావిడ అట్టతో పులి ముఖాలు కోసి ఉంచారు, రంగులు వాడే వేసుకున్నాడు. రబ్బరుతాడు కట్టి ముఖానికి పెట్టుకుని అందరికంటే పెద్దగా గర్జించాడు. మీరు కూడా ఒక ఐదారు అట్టముఖాలు సిద్ధం చేసి పెట్టండి. ఎందుకు వేయించుకోవడం లేదని ఆ బిడ్డను అందరి ముందూ అడగకండి.

బీచిలో ఏరిన గవ్వలు అతికించే ఆలోచన ఉంటే లోపల జీవి ఉన్నవి తీసుకోకండి. ఖాళీవి మంచినీళ్ళతో బాగా కడిగి, మరిగించి, ఎండబెట్టాకే వాడండి. లేకపోతే వాసన.

పెదవాల్తేరు అమ్మ

అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. రంగులు వచ్చాయి. లైసెన్సు నంబరు, గడువు తేదీ అత్తయ్యగారే కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నిన్న రాత్రి పాప మోచేతిలో ఆరు చుక్కలు పెట్టాం. ఈ ఉదయం ఐదు బాగానే ఉన్నాయి. ఎరుపు పెట్టినచోట మాత్రం చిన్న దద్దురు, కాస్త దురద అంటోంది. ఎరుపు లేకుండా సీతాకోకచిలుక ఎలా? పాప నారింజ రెక్కలే కావాలని కూర్చుంది. మాస్టారూ, పాతికమందికి ఎన్ని మట్టలు కావాలి?

బుగ్గ మీద బొమ్మ, మద్దిలపాలెం

ఆ ఎరుపు బిళ్ళ పక్కన పెట్టేయండి, మిగతా పిల్లలకూ వద్దు. దద్దురు తగ్గేదాకా పాప చర్మానికి ఏ రంగూ తాకించకండి. పార్టీ నాటికి పూర్తిగా పోతేనే వేయండి, పోకపోతే అట్ట సీతాకోకచిలుకే. రెక్కలు పసుపుతో వేసి, అంచుల్లో ఆకుపచ్చ తట్టండి, లేత చిలకపచ్చ వస్తుంది. నిమ్మచెట్ల మీద తిరిగే సీతాకోకచిలుక రెక్కల్లో నలుపు, లేత పసుపు రంగులే ఎక్కువగా ఉంటాయని పాపకు చూపించండి. నారింజ రంగు అట్టముఖానికి వేసుకుంటుంది.

తెలుగు మాస్టారు, భీమిలి

నాలుగు మట్టలు చాలమ్మా, చెడిపోయేవాటికి ఇంకొకటి. మా పెరట్లోనే రెండు చెట్లున్నాయి. ఆదివారం తెల్లవారుజామున కోయించి ఉంచుతాను, తొమ్మిదిలోపు ఎవరినైనా పంపండి. పాపను కూడా పంపితే బూర పీక మడవడం ముందే నేర్పి పంపుతాను.